వెనక సీటు నుంచి చూసిన తాబేలు

మస్కట్‌లో సముద్రం పక్కనే ఉన్న ఒక పార్కులో, చేపల పడవ రైడ్‌ను బాగుచేసి మళ్ళీ తెరిచారని విన్నప్పుడు నేను సంతోషించాను. అలా సంతోషించినందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం. కొత్తది పాతదానికన్నా అన్ని విధాలా మెరుగని చూసినవాళ్ళంతా అంటారు. చల్లగా ఉంటుంది, శుభ్రంగా ఉంటుంది, కంపు కొట్టదు, మధ్యలో ఎక్కడా ఆగిపోదు. అన్నీ ఒప్పుకుంటాను. చేపలు మాత్రం లేవు. చేపల రైడ్‌లో చేపలు ఉండాలని పట్టుబట్టేవాణ్ణి నేనొక్కణ్ణే అయితే, ఆ నేరం నాదే.

పాతదాని సంగతి చెప్పాలంటే, అందులోకి నేనెలా వెళ్ళానో ముందు చెప్పాలి. అప్పట్లో అల్ హైల్‌లో ఏసీలు బిగించే ఒక కంపెనీలో స్టోర్‌కీపర్‌గా చేసేవాణ్ణి. సెలవు శుక్రవారం ఒక్కటే. ఆ పార్కులో శుక్రవారం ఫ్యామిలీలకు మాత్రమే ప్రవేశం. కడపలో నాకు భార్య, కూతురు ఉన్నారు. కానీ మనిషి పక్కన కనిపించని భార్య గల్ఫ్‌లో భార్య కింద లెక్క కాదు. మా రూమ్‌లో మనవల్ని ఎత్తిన మేస్త్రీ కూడా గేటు దగ్గర బ్యాచిలరే. కాబట్టి మాకున్న మార్గం ఒకటే, ఎవరిదైనా ఫ్యామిలీని అరువు తెచ్చుకోవడం.

మా ఆఫీసులో లెక్కలు చూసే గోదావరి జిల్లా ఆయన హమ్రియాలో భార్యాపిల్లలతో ఉండేవాడు. ఒక శుక్రవారం పెద్ద మనసు చేసుకుని నన్ను తన తమ్ముడిగా తీసుకెళ్ళాడు. ఆ తమ్ముడి హోదాలో పులిహోర డబ్బా, నీళ్ళ సీసాలు, వాళ్ళ చిన్నవాడు విప్పేసిన చెప్పులు నేనే మోశాను. గేటు దగ్గర గార్డు ఏమీ అడగలేదు. అడిగింది పడవవాడు. నిజామాబాద్ వైపు మనిషి. తొడల దాకా రబ్బరు బూట్లు వేసుకుని నీళ్ళలో నిలబడి ఉన్నాడు. నేను ముందు సీట్లో కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“నువ్వు ఎనకకు పో.”

“నేను ఈయప్ప తమ్ముణ్ణి,” అన్నాను.

“ఆళ్ళు మాట్లాడితే గోదారి, నువ్వు మాట్లాడితే కడప. ఎట్ల తమ్మునివైనవే? ఒక్క కడుపుల రెండు జిల్లాలుంటయా?”

పడవలో అందరూ నవ్వారు. నా అన్నగారు అందరికంటే ఎక్కువ నవ్వాడు. నేను వెనక సీట్లో కూర్చున్నాను. అక్కడ రేకుల పైకప్పు నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా సరిగ్గా నా మెడ మీద పడ్డాయి. ఆ నవ్వుల్లో ఎవరిది ఎంతసేపు సాగిందో ఈరోజుకీ చెప్పగలను.

ఆ రైడ్ గొప్పదని నేననడం లేదు. చీకటి సొరంగం. పడవలు గోధుమరంగు స్నానాల తొట్లలా ఉండేవి. వాటిని లాగే గొలుసు కరకరమంటూ నాలుగడుగులకొకసారి పట్టేసేది. అప్పుడు పడవవాడు వెనక నుంచి భుజంతో తోసేవాడు. అద్దాలకు పాకురు పట్టి చేపలు సగమే కనబడేవి. వివరాలు చెప్పేది కూడా అతనే, అందరికీ అర్థమవ్వాలని హిందీలో. “ఏ మచ్లీ హై. ఓ భీ మచ్లీ హై.” అంతకు మించి ఒక్క ముక్క లేదు. చేపల మార్కెట్టును మూసిపెట్టి మర్నాడు తెరిచినంత కంపు.

అయితే చివరి మలుపులో అతను పడవ ఆపి, నడుముకు దోపుకున్న స్టీలు గరిటె తీసి అద్దం మీద టకటకమని కొట్టాడు. చీకట్లోంచి ఒక తాబేలు వచ్చింది. సముద్రపు తాబేలు. తొందర లేకుండా రెక్కల్లాంటి కాళ్ళు ఆడిస్తూ వచ్చి, అద్దానికి ముక్కు ఆనించి, ముందు సీటువాళ్ళందర్నీ దాటుకుని నన్ను చూసింది. ఆ రోజు నన్ను మనిషిగా చూసిన ప్రాణి అదొక్కటే.

ఆ సాయంత్రమే ఫోన్ కార్డు గీకి నా కూతురికి చెప్పాను. మంచమంత తాబేలు అని చెప్పాను. గరిటె చప్పుడుకు వస్తుందనీ, కళ్ళలోకి చూస్తుందనీ చెప్పాను. ప్రతి శుక్రవారం ఆమెకు ఆ తాబేలు కబురే కావాలి. నువ్వొచ్చినప్పుడు చూపిస్తానన్నాను. ఆమె వెళ్ళి బడిలో చెప్పింది. పిల్లలు మీ నాయన కోతలు కోసినాడన్నారు. ‘ఈసారి తప్పకుండా వస్తా’ అని నేను చెప్పి వెళ్ళని పండగలు అప్పటికే చాలా పోగయ్యాయి. కాబట్టి పిల్లలు అన్నది నిజమేమోనని ఆమెకూ అనుమానం పట్టింది. “ఉండాదా నాయనా, నిజంగా?” అని ఫోన్లో అడిగిన గొంతు నాకు నచ్చలేదు. నా మాట మీద నా బిడ్డకు మిగిలిన నమ్మకమంతా ఇప్పుడొక తాబేలు వీపు మీద ఉంది.

ఇంతలో తుఫాను వచ్చింది. ఆ పార్కు ఉన్న ఖురం వైపు రోడ్లన్నీ నీళ్ళపాలయ్యాయి. చేపల సొరంగంలోకి సముద్రమే నడిచి వచ్చింది. మూసేసి, చాలాకాలం రేకులు అడ్డం పెట్టి, చివరికి గేటుకు రంగు బుడగలు కట్టి మళ్ళీ తెరిచారు. ఆ చలికాలంలోనే నా భార్యా కూతురూ విజిట్ వీసా మీద వచ్చారు. వచ్చిన మొదటి శుక్రవారమే బయలుదేరాం. గార్డు అడిగితే చూపిద్దామని పెళ్ళి ఫోటో జేబులో పెట్టుకున్నాను. సొంత ఫ్యామిలీతో, చట్టప్రకారం, తల ఎత్తుకుని వెళ్ళాను. ఆ గార్డు తల కూడా ఎత్తకుండా పొమ్మని చెయ్యి ఊపాడు.

లోపల మళ్ళీ ఆ నిజామాబాద్ మనిషే. రబ్బరు బూట్లు పోయి నీలం యూనిఫాం వచ్చింది. నీళ్ళలో దిగే పని లేదు, పచ్చ బటన్ నొక్కుతాడు. నన్ను చూసి గుర్తుపట్టాడు.

“ఓ, కడప తమ్ముడు. ఈపారి అసలు ఫ్యామిలీనే తెచ్చినవ్.”

“తెచ్చినా. ముందు సీటు ఇయ్యి.”

“ముందట పిల్లలే. కొత్త రూలు. బిడ్డను కూసోబెట్టు, నువ్వు ఎనకకు పో.”

వెనక్కే పోయాను. పడవకు సొరచేప మూతి, పళ్ళు, మా నడుములకు బెల్టు. ఒక ఇంగ్లీషు ఆడగొంతు మమ్మల్ని అద్భుతలోకంలోకి ఆహ్వానించింది. ముందుగా ఎనిమిది చేతుల రబ్బరు జంతువొకటి చేతులు ఊపింది. ఒక చెయ్యి పట్టేసి వణుకుతూ ఉంది. తర్వాత గోడంత టీవీలో తిమింగలాలు ఈదాయి. ఆ తర్వాత మంచుగడ్డ మీద పెంగ్విన్. బయట ఎండలో ఒంటెలే నీడ వెతుక్కునే దేశంలో, సొంత సముద్రం గోడ అవతల అలలు కొడుతుండగా, వీళ్ళకు పెంగ్విన్ కావలసి వచ్చింది. నిజం చేపలు ఒక చిన్న తొట్టెలో నాలుగో అయిదో ఉన్నాయి, పళ్ళ డాక్టరు దగ్గర ఉండేలాంటివి.

చివరి మలుపు వచ్చింది. అద్దం లేదు. ఫైబర్ తాబేలు ఒకటి, తలకు ఎర్ర టోపీ, మెడ కుడికీ ఎడమకీ తిప్పుతూ అరబ్బీలో అందరికీ వీడ్కోలు చెబుతోంది.

నా కూతురు వెనక్కి తిరిగి నన్ను చూసింది.

“ఇదేనా తాబేలు?” అంది నా భార్య. “ఇట్లాంటిది ప్రొద్దుటూరు ఎగ్జిబిషన్లో కూడా పెడతారు గదబ్బా.”

పడవ దిగుతూనే నేరుగా మేనేజరు గదికి వెళ్ళాను. అక్కడ అందరూ ముదీర్ అంటారు. నాకు వచ్చిన హిందీలో, ఇంగ్లీషులో అన్నీ చెప్పాను. టోపీ, పెంగ్విన్, వణికే చెయ్యి, వెనక సీటు, అందులో కూర్చోబెట్టిన పడవవాడు. ముదీర్ ఓపికగా విన్నాడు. టోపీని, పెంగ్విన్‌ను వదిలేసి, వాటికంటే తిట్టడం తేలికైన పడవవాణ్ణి పిలిపించి నా ముందే తిట్టాడు. కస్టమర్లతో ఇంకో గొడవ వస్తే శుక్రవారం డ్యూటీ నుంచి తీసేస్తానన్నాడు. ఫ్యామిలీలు బక్షీస్ ఇచ్చేది శుక్రవారమే.

బయటికి వచ్చాక పడవవాణ్ణి అడిగాను. “ఆ పాత తాబేలు ఏమైంది? తుఫానులో పోయిందా?”

“ఎందుకు పోతది? ఉన్నది. ఎనక మోటారు షెడ్డు కాడ తొట్టిల ఉన్నది.”

“నా కూతురికి చూపించు.”

“సూపియ్య,” అన్నాడు. “నా మీద లొల్లి జేసి, నన్నే అడుగుతున్నవా? ముదీర్ కాడికి మళ్ళ పో. అంతా మంచిగున్నదని చెప్పు. పడవ మంచిగున్నది, సీటు మంచిగున్నది, నడిపేటోడు మంచిగున్నడని చెప్పు. నాకు ఇనబడాలె. అప్పుడు సూపిస్త.”

నేను జీవితంలో చేసిన ఏ ఫిర్యాదూ వెనక్కి తీసుకోలేదు. మా పెళ్ళిలో వడ్డించేవాడు నా విస్తరిని దాటిపోయిన సంగతి మా మామగారికి ఏటా గుర్తు చేస్తుంటాను. కానీ నా కూతురు అక్కడ బెంచీ మీద కూర్చుని చెప్పుల వైపు చూసుకుంటోంది. వచ్చే వారం విమానం ఎక్కి వెళ్ళిపోతుంది. బడికి వెళుతుంది. ఆ పిల్లలు అడుగుతారు.

వెళ్ళాను. అంతా బాగుందన్నాను. పడవవాడు తలుపు దగ్గర నిలబడి “జోర్ సే,” అన్నాడు. “బహుత్ అచ్ఛా హై,” అని గట్టిగా అన్నాను. పెంగ్విన్ కూడానా అని ముదీర్ అడిగాడు. అతను ఎగతాళి చేస్తున్నాడో నిజంగా అడుగుతున్నాడో నాకు తెలియలేదు. పెంగ్విన్ కూడా, అన్నాను.

మేం ముగ్గురం పడవవాడి వెనకే వెళ్ళాం. షెడ్డు వెనక సిమెంటు తొట్టె. పక్కనే మోటారు రొద. పడవవాడు అటూ ఇటూ చూసి, జేబులోంచి అదే గరిటె తీసి నా కూతురి చేతికిచ్చాడు. ఆమె తొట్టె అంచు మీద టకటక కొట్టింది. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత అడుగున ఒక నీడ కదిలింది. తాబేలు పైకి వచ్చి, తల బయటపెట్టి, నా కూతుర్ని చూసింది.

ఆమె చాలాసేపు చూసింది. ఆ తర్వాత నా వైపు తిరిగింది.

“మంచమంత లేదు నాయనా. పీటంతే ఉంది.”

“ఫోన్లో మంచమంత అనిపించిందిలే,” అన్నాను.

“అయినా ఉంది,” అంది. ఆ రెండు మాటలకు నేను పెంగ్విన్‌ను ఇంకోసారి పొగడమన్నా పొగిడేవాణ్ణి.

“నీ బిడ్డనే, అనుమానం లేదు,” అన్నాడు పడవవాడు.

ఆమె ఇంకా తొట్టెనే చూస్తోంది. “దీన్ని ఈడ దాచిపెట్టి, ఆడ ప్లాస్టిక్కుది పెట్టిందెవరు? ఆయప్పతో నేను మాట్లాడాల.”

“ఓ బిడ్డా, నేను సూపిచ్చిన్నని తెలిస్తే నా డ్యూటీ ఖలాస్,” అన్నాడు పడవవాడు. వాడి ముఖంలో భయం చూడటం నాకు ఇదే మొదటిసారి. కొంచెం బాగానే ఉంది.

ఆమె ఆలోచించింది. “అయితే తాబేలు గురించి చెప్పను. పెంగ్విన్ గురించి చెప్తా.”

నేను వెనక్కి తీసుకున్నది నా ఫిర్యాదు. ఆమెది కాదు. కాబట్టి ఆపలేదు. గరిటె పడవవాడి చేతిలో పెట్టేసి, ఆమె ముదీర్ గది వైపు ముందు నడిచింది. నేను ఒక అడుగు వెనకాల నడిచాను.

“ఇన్నాళ్ళూ ఒక్కరే,” అంది నా భార్య పడవవాడితో, “ఇంగ మా ఇంట్లో ఇద్దరైనారు.”