చేపల వాసన అనుకున్నాం

ఆమె పులికాట్ సరస్సు వైపు పల్లె నుంచి జ్వరంతో వచ్చింది. షుగరు కూడా ఉంది. గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలు అమ్మే మనిషి. నేను గూడూరులో ఒక ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు నర్సును. మంచం ఎక్కగానే ఆమె అడిగిన మొదటి మాట, "మళ్ళా ఎప్పుడు నడస్తా సిస్టరమ్మా? గంపెత్తుకుని తిరక్కపోతే మాకు జరగదు."

అయిదు నిమిషాల్లో అందరం ముక్కులు మూసుకున్నాం. "చేపలోళ్ళు గదా, ఎంత కడిగినా పోదు" అన్నది మా హెడ్ నర్సు, ఆమెకు వినబడేటట్టే. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత పుడుతుంది.

కొత్త రోగిని తల నుంచి పాదాల దాకా చూడాలని చదువులో నేర్పారు. షుగరు ఉన్నవాళ్ళకైతే కాలివేళ్ళ సందులు కూడా విడదీసి చూడాలి, వాళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గి పుండు పడినా నొప్పి తెలియదు. నిద్రలో లేపి అడిగినా ఇదంతా చెప్పగలను. శ్రీరంగనీతులు చెప్పడానికేం! చేసిందేమిటంటే, చెయ్యి చాచి బీపీ చూశాను, వేలు గుచ్చి షుగరు చూశాను, దుప్పటి మాత్రం ఎత్తలేదు. కాగితంలో "చర్మం: బాగుంది" అని రాశాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంటే "మానసిక స్థితి: ప్రశాంతం" అని రాసి సంతకం పెట్టాను. రౌండ్సుకు వచ్చిన డాక్టరు ఆ కాగితం చూసి, జ్వరం మందు మార్చి వెళ్ళిపోయాడు.

ప్రశాంతమట! పక్కవాళ్ళు తమ మంచం దూరంగా జరిపించుకున్నారు. అన్నం పెట్టే మనిషి పళ్ళెం తోసేసి పోయేది. ఆమె మంచం చుట్టూ మాత్రమే రోజుకు రెండుసార్లు ఫినాయిలు పోయించాం. తెల్లవారకముందే లేచి, కుళాయి దగ్గర సబ్బుతో ఒళ్ళంతా రుద్దుకునేదని తర్వాత తెలిసింది. సిగ్గుతో నోరు మూసుకున్న మనిషిని నేను కుదురైన రోగి అనుకున్నాను.

మూడో రోజు మా ఆయా నన్ను పక్కకు పిలిచింది. "మాయమ్మ చేపలమ్మే నన్ను సాకింది సిస్టర్. ఆ వాసన నాకు తెలీదా? ఇది అది గాదు. ఏందో కుళ్ళతా ఉండాది."

అప్పుడు దుప్పటి ఎత్తాను. వాసన బయటికి రాకూడదని కుడి పాదానికి ప్లాస్టిక్ కవరు చుట్టి దారంతో కట్టుకుని ఉంది. విప్పితే వేళ్ళు నల్లగా, సందుల్లో చీము. ఎప్పుడో ఆలిచిప్ప కోసుకుందట, నొప్పి లేదు కదా అని వదిలేసిందట. మొదటి రోజు నేను రాసిన కాగితం గుర్తొచ్చింది. డాక్టరు కోసం పరుగెత్తాను.

"మొదటి రోజే చూసుంటే ఒక్క వేలు తీస్తే సరిపోయేది" అన్నాడు డాక్టరు. మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. ఆ కాగితం ఎవరు రాశారని ఒక్కరూ అడగలేదు. "షుగరు కేసుల్లో ఇదంతా మామూలే" అని హెడ్ నర్సు టీ తెప్పించుకుంది. నాకూ ఒక కప్పు పోసింది. తాగాను.

రెండు రోజుల తర్వాత ఆమె మంచం పక్కన కూర్చుని, "మొదటి రోజే నేను చూడాల్సింది అక్కా. తప్పు నాదే" అన్నాను.

"నువ్వేం జేస్తావు తల్లీ, మా వాసన అట్టాంటిది" అన్నది.

నా చెయ్యి పట్టుకోబోయి ఆగింది. ముందు తన అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది.