అక్కయ్య కత్తి తీసుకుని నిడదవోలు కొలిమికి

నిడదవోలు దగ్గర కమ్మరి చేత వంటకత్తి చేయించుకోవాలంటే ఎలా వెళ్లాలని ఈ మధ్య నన్ను ముగ్గురు నలుగురు అడిగారు. దారి చెప్పగలను, పడవ వేళలు చెప్పగలను, ఎక్కడ భోజనం బాగుంటుందో కూడా చెప్పగలను. అయితే నేను వెళ్లింది కొత్త కత్తి కోసం కాదు. నా చేతులతో నేను పాడుచేసిన కత్తిని, మా ఇంట్లో తెలియకుండా బాగు చేయించుకుందామని వెళ్లాను. ఆ సంగతి దాచి దారి ఖర్చులు మాత్రం చెబితే బాగుండదు కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

రాజమహేంద్రవరంలో నేను బడిపంతుల్ని. భర్త పోయినప్పటి నుంచీ మా అక్కయ్య నా దగ్గరే ఉంటోంది. ఇరవై ఏళ్లుగా నేను తింటున్నది ఆమె చేతి వంటే. ఆమెకు కుడి మోకాలు వంగదు. కొత్తగా కాపురానికి వెళ్లిన రోజుల్లో కాలవ రేవు మెట్ల మీద జారి పడింది. కత్తిపీట ముందు కూర్చోవడం అప్పటి నుంచీ ఆమె వల్ల కాదు. అందుకని మా బావగారు వాళ్ల ఊరి కమ్మరి చేత, చేత్తో పట్టుకుని కోసుకునే కత్తి ఒకటి చేయించి ఇచ్చారు. జానెడు పొడవు, చింతచేవ పిడి. ఎత్తుపీట మీద కాలు చాపుకుని కూర్చుని ఆ కత్తితో ఆమె వంకాయలు తరుగుతుంటే పక్కింటి ఆడవాళ్లు పని మానుకుని చూసేవారు. నెలకోసారి సానరాయి మీద నాలుగు సార్లు రాస్తే చాలు, మళ్లీ నెల దాకా దాని వంక చూడనక్కర్లేదు.

ఆ కత్తికి పిడి వదులైంది. ఏ పని అయినా ఒకసారి చూస్తే నాకు వచ్చేస్తుందన్న పొగరు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. పిడిలోకి దిగే తోకను ఎర్రగా కాల్చి, పిడి రంధ్రంలో లక్క నింపి, వేడి మీదే దిగేస్తే బిగుసుకుంటుందని బజారులో చూశాను. చూసింది సగమే. కాల్చే ముందు కోసే భాగానికి తడిగుడ్డ చుడతారన్నది నా కంటబడలేదు. అక్కయ్య స్నానానికి వెళ్లినప్పుడు కత్తిని పిడి ఊడదీసి పొయ్యిలో పెట్టి ఊదుగొట్టంతో బుగ్గలు నొప్పి పుట్టేలా ఊదాను. తోక ఎర్రబడింది. అక్కడి నుంచి కత్తి పొడుగునా ముందు ఎండుగడ్డి రంగు, దాని వెనకే నెమలి మెడ రంగు పాకుతుంటే, భలే ఉందే అని చూస్తూ కూర్చున్నాను కూడా. పిడి చక్కగా బిగిసింది. మర్నాటి నుంచి కత్తి తెగడం మానేసింది. వేడికి ఉక్కు మెత్తబడిందనీ, దాన్ని చేసినవాడి దగ్గరికే తీసుకెళ్లడం మంచిదనీ బజారు కమ్మరి చెప్పాడు.

అక్కయ్య ఏమీ అనలేదు. ఆమె రోజూ పొద్దున్నే పెరట్లో సానరాయి మీద కత్తి నూరుకునే చప్పుడు మాత్రం వినిపించేది. ఏం జరిగిందో ఆమెకు తెలియలేదనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా కూడా ఉంది. మార్గశిరంలో ఆమె పక్కింటివాళ్లతో కలిసి పడవ మీద పెనుగొండ అమ్మవారి దర్శనానికి బయల్దేరింది. అయిదో రోజుకి వస్తానంది. ఆమె అటు వెళ్లిన మర్నాడే కత్తిని పాత పంచెముక్కలో చుట్టుకుని నేను ఇటు బయల్దేరాను.

రాజమహేంద్రవరం నుంచి ధవళేశ్వరం రెండు కోసుల దూరం. ఒంటెద్దు బండికి రెండు అణాలు. ఉదయం ఆరు గంటలకు బయల్దేరితే ఏడున్నరకి రేవులో ఉంటారు. అక్కడి నుంచి గోదావరి దాటి విజ్జేశ్వరం ఒడ్డు చేరడానికి గంటన్నర పైన పట్టింది, మనిషికి ఒక అణా. ఈ నెలల్లో నది నిమ్మళంగా ఉంటుంది, నీళ్లంటే భయమున్నవాళ్లు కూడా వెళ్లవచ్చు. విజ్జేశ్వరం లాకు దగ్గర నిడదవోలు మీదుగా వెళ్లే కాలవ పడవ పదింటికి కదులుతుంది. దీనికి కేవు, అంటే పడవ కిరాయి, రెండు అణాలు. ఇద్దరు మనుషులు భుజాన తాడు వేసుకుని గట్టు మీద నడుస్తూ పడవను లాగుతారు కాబట్టి మనం తొందరపడి లాభం లేదు. వేసవిలో కాలవలు కట్టేసి పూడిక తీస్తారు. అప్పుడు పడవలే ఉండవు, కాబట్టి చైత్రం దాటాక ఈ ప్రయాణం పెట్టుకోకండి.

పడవ నడిపే సరంగు నా ఒళ్లోని గుడ్డచుట్ట చూసి ఏంటండి అది అని అడిగాడు. చెప్పాను. తన ఇంట్లో కత్తి కూడా ఆ కొలిమిలోదేనని సంతోషపడ్డాడు. తరువాత కాసేపు నా చుట్టుపక్కల ఎవరి కోసమో చూశాడు.

"ఒక్కరే వచ్చారేంటండి? వాడే మనిషి లేకపోతే ఆయన కొలిమిలో పెట్టడండి. నేను మా ఇంటిదాన్ని తీసుకెళ్లాను" అన్నాడు.

పడవ వెనక భాగంలో తాటాకు తడిక అడ్డుపెట్టి ఆడవాళ్లకు చోటు ఉంది. ఆ పూట అందులో ఎవరూ లేరు. కత్తి బాగు చేయడానికి ఆడవాళ్లను ఊళ్లు తిప్పడం ఎందుకని నేను నవ్వేశాను. సరంగు మాత్రం నవ్వలేదు.

నిడదవోలు చేరేసరికి ఒంటిగంట దాటింది. లాకుకి ఎదురుగా ఉన్న పూటకూళ్ల ఇంట్లో కందబచ్చలి కూర, ముద్దపప్పు, మజ్జిగ. కడుపునిండా పెట్టి అణాన్నర తీసుకుంది ఆ ఇల్లాలు. కమ్మరి బ్రహ్మయ్య గారి కొలిమి ఎక్కడని అడిగితే, గట్టు వెంట దిగువకి అర కోసు నడిస్తే సమ్మెట చప్పుడే దారి చూపిస్తుందని చెప్పింది. అలాగే చూపించింది.

కొలిమి అంటే నాలుగు తాటి స్తంభాల మీద వేసిన పాక. వెలుతురు తగ్గేలా మూడు వైపులా తడికలు కట్టారు, నాలుగో వైపు కాలవ. నేను వెళ్లేసరికి బ్రహ్మయ్య గారు ఒక కొత్త కత్తి కొడుతున్నారు, ఆయన కోడలు తిత్తులు ఊదుతోంది. వేలెడు వెడల్పు ఇనుపబద్దను నడిమికి మడిచి, ఆ మడతలో సన్నటి ఉక్కు పలక దూర్చి, రెండూ కలిసిపోయేదాకా కాల్చి కొట్టడం ఆయన పద్ధతి. కోసే అంచు ఉక్కు, పైనా పక్కలా ఇనుము. అలా చేస్తే పదును నిలుస్తుంది, కత్తి విరగదు. ఒకప్పుడు ఉక్కు ముద్దలు ఎగువ నుంచి గోదావరి మీద పడవల్లో వచ్చేవట. ఇప్పుడు రావడం లేదు. ఇనుము రాయడానికి వాడి, అరిగిపోయాక పారేసిన సీమ ఉక్కు ఆకురాళ్లను ముక్కలు చేసి వాడుకుంటున్నానని, నా ముఖం వైపు చూడకుండా చెప్పారు.

నా గుడ్డచుట్ట విప్పి కత్తి అందించాను. చూడగానే ఆయన పోల్చుకున్నారు. ఎగువ ఉక్కుతో చేసిన కడపటి కత్తుల్లో అదొకటట. ఆకురాయి తీసి అంచు మీద మెల్లగా లాగారు. గట్టి ఉక్కు మీద జారిపోవలసిన ఆకురాయి అంచును కొరికి పట్టుకుంది. నేను చేసిన పని చెప్పాను.

"ఉక్కు చావలేదండి, మెత్తబడింది. మళ్లీ కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. కాకపోతే ఇన్నేళ్లు అరిగి బాగా సన్నబడింది కదండి, పగిలినా పగలొచ్చు" అన్నారు.

ఇలాగే ఉంచితే ఏమవుతుందని అడిగాను. రోజూ నూరుకుంటూ వాడుకోవచ్చు, వాడే మనిషి ఉన్నంతకాలం ఉంటుంది అన్నారు. ముంచడమా మానడమా చెప్పవలసింది మాత్రం కత్తి పట్టే మనిషేనట. ఆ కొలిమిలో ఒక ఆచారం ఉంది. కత్తి ముంచే తొట్టెలో నీళ్లు, ఆ కత్తిని వాడబోయే మనిషి తన చేత్తో పోయాలి. కత్తి నిలిచినా పగిలినా అప్పుడు ఎవరికీ మాట రాదు. నేను వెంటనే చెంబు అందుకుని, కత్తి నాదేనన్నాను.

ఆయన నా అరచేయి తెరిపించి పిడి అందులో పెట్టారు. నా చేతికి అది చాలలేదు. బొటనవేలు ఆనే చోట చిన్న గుంట పడి ఉంది, నా వేలు అందులో పట్టలేదు.

"ఇది మీ చేతిది కాదండి పంతులు గారూ. ఈ పిడికి కొలత నేనే తీసుకున్నాను, కాలవ అవతలి పెంకుటింటి కోడలు గారిది. ఆవిడ ఏమన్నారు?" అంటూ చెయ్యెత్తి కాలవ అవతలికి చూపించారు.

ఆమె నా అక్కయ్య అని చెప్పాను. అక్కడితో ఆగినా బాగుండేది. మోకాలి వల్ల ప్రయాణం చేయలేకపోతోందనీ, పగిలినా ఫరవాలేదు ముంచమని చెప్పి పంపిందనీ అన్నాను. ఆ సమయానికి అక్కయ్య పెనుగొండలో ఉంది. నా ప్రయాణానికి రెండింతల దూరం పడవలోనే వెళ్లింది.

ఆవిడ మాటే అయితే సరేనన్నారు బ్రహ్మయ్య గారు. ఆమె బదులు నేనే నీళ్లు పోశాను. ఆయన పిడి ఊడదీసి, ఈసారి తోకకి తడిగుడ్డ చుట్టి పట్టకారుతో పట్టుకుని, కోసే భాగాన్ని బొగ్గుల్లో ఇటూ అటూ తిప్పుతూ కాల్చారు. కోడలు తిత్తులు మెల్లగా ఊదుతోంది. ఉక్కు పండుమిరపకాయ రంగుకి రావాలి, అంతకు మించకూడదు. ఆ రంగు రాగానే నీళ్లలో దించారు. బుస్సుమంది. ఆ వెంటనే, గాజు మీద గోటితో కొట్టినంత చిన్న చప్పుడు. ఆయన కళ్లు మూసుకున్నారు. పైకి తీసి చూస్తే అంచు నుంచి వీపు దాకా వెంట్రుకంత గీత. దాగలి దిమ్మ మీద పెట్టి వేలితో నొక్కగానే రెండు ముక్కలైంది.

తిత్తులు ఊదే కోడలు లేచి నాకు మంచినీళ్లు ఇచ్చింది. నాకు సిగ్గేసింది, దుఃఖం కూడా వచ్చింది. నేను చెప్పింది అబద్ధమని అప్పుడైనా ఒప్పుకోవలసింది. ఒప్పుకోలేదు. బ్రహ్మయ్య గారు తమ ఇంటి కోసం కోడలు నీళ్లు పోయగా ముంచి ఉంచుకున్న కొత్త కత్తికి పదును పెట్టి, దాని తోకను అక్కయ్య పిడికి సరిపోయేలా రాసి, లక్కతో బిగించి ఇచ్చారు. పన్నెండు అణాలు తీసుకున్నారు. పాత కత్తి కాల్చినందుకు ఏమీ వద్దన్నారు. విరిగిన ముక్కలు రెండూ గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టి, "ఇవి ఆవిడవండి, మేం ఉంచుకోకూడదు. తప్పు నా చేతిలో జరిగిందని చెప్పండి" అన్నారు. ఆ పూటకి సత్రంలో పడుకుని మర్నాడు వచ్చిన దారినే తిరిగి వచ్చాను.

చెప్పినట్టే అయిదో రోజు మధ్యాహ్నం అక్కయ్య వచ్చింది. ఆమె కాళ్లు కడుక్కుని కూర్చున్నాక కొత్త కత్తి, పాత ముక్కలు ఆమె ముందు పెట్టి, పొయ్యి దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. బ్రహ్మయ్య గారు తన మీద వేసుకున్న తప్పును ఆయన మీద ఉండనివ్వలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నేను సరిగ్గా చేసింది అదొక్కటే.

"మొదటి రోజే తెలిసింది రా. పొయ్యిలో పెట్టిన కత్తి నాకు తెలియదా? నువ్వే చెబుతావు కదా అని చూశాను" అంది.

ముక్కలు చేతిలోకి తీసుకుని కాసేపు చూసింది. తొట్టెలో నీళ్లు ఎవరు పోశారని అడిగింది. నేనే అన్నాను.

"నన్ను తీసుకెళ్తే నేను పోసేదాన్ని కదా" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంత తేలికయ్యేది. తరువాత, "కాలవ అవతల మా ఇల్లు ఉందా, పడిపోయిందా?" అని అడిగింది.

బండి కిరాయి ఎంతో, పడవ ఎన్నింటికి కదులుతుందో, పూటకూళ్ల ఇంట్లో ఏం కూర వండారో అన్నీ చూసి వచ్చినవాణ్ణి. బ్రహ్మయ్య గారు చెయ్యెత్తి చూపించినా ఆ ఒడ్డుకేసి తల తిప్పలేదు. చూడలేదన్నాను. ఆమె కొత్త కత్తి తీసుకుని, బుట్టలోంచి దొండకాయలు నాలుగు తరిగి, బాగానే తెగుతోందంది.

అప్పటి నుంచి చాలాసార్లు ఆలోచించాను. ఇరవై ఏళ్లలో అక్కయ్య ఆ ఊరు వెళ్లలేదు. భర్త లేడు, ఆ ఇంట్లో పిలిచేవాళ్లూ లేరు. మా వంటి ఇళ్లలో ఆమెలాంటి మనిషి, అత్తవారి ఊరు ఒకసారి చూసి రావాలనుంది అని నోరు తెరిచి అడగదు. కత్తి బాగు చేయించుకోవాలి అంటే మాత్రం అడగగలదు, ఎవరూ ఏమీ అనరు. ఆ పని ఆమెకు మిగిలి ఉండగా నేను లాక్కుని వెళ్లి ముగించేసి వచ్చాను. పోయిన వారం నిడదవోలు పడవకి వెళ్దాం రమ్మని అడిగాను. ఇప్పుడక్కడ నాకేం పని ఉంది రా అంది.

మీరు ఆ కొలిమికి వెళ్లేటట్లయితే, ఇంట్లో కత్తి పట్టుకునే మనిషిని వెంట తీసుకెళ్లండి. పడవలో తడిక వెనక చోటు ఉంటుంది, కేవు అదే రెండు అణాలు.