మోగని గేటు

ఎనభైల మొదట్లో నా పనల్లా రేకులను కొట్టి, అవి ఎంతసేపు మోగుతాయో చూడటం. వరంగల్‌లో ఓ కాలేజీ ప్రయోగశాలలో నా పరిశోధన అదే. పల్చటి ఇనుపరేకు వెనక పట్టీలు వెల్డింగ్ చేస్తే అది వంగదు గానీ, మోత మాత్రం ఆగదు. ఆపాలంటే రబ్బరు అతికించాలి, దాని మీద ఇంకో సన్నరేకు బిగిస్తే ఇంకా మేలు. అదురును రబ్బరు తనలోకి లాక్కుని వేడిగా మార్చేస్తుంది. ఇంత చెప్పడానికి నాకు ఏళ్ళు పట్టింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

నేను కోస్తావాణ్ణి. వరంగల్ కాశిబుగ్గలో ఒక అవ్వ ఇంట్లో ముందుగది అద్దెకు తీసుకున్నాను. మగ్గం నేసే భర్త పోయాక ఆమె ఒక్కతే ఉండేది. కంటిచూపు అంతంతమాత్రం. పొద్దున్నే నూలు కండెలు చుట్టడానికి వెనక సందులోంచి పక్క వీధికి పోయేది. సాయంత్రం నేను వచ్చిన కాసేపటికి వెనక వంటింట్లోంచి గిన్నె పట్టుకుని వచ్చేది.

"జర తిను బిడ్డా, ఎండుకపోతానవ్" అంటూ పక్కనే కూర్చునేది. ఆ ఊళ్ళో నాతో కూర్చుని మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

ఆ ఇంటి గేటు కూడా పట్టీలు వేసిన రేకే. తీస్తే వీధంతా అదిరేది. పగలంతా మోతలు విన్న చెవులకు అది నరకం. అవ్వ అంగడికి వెళ్ళిన ఒక ఆదివారం, ప్రయోగశాలలో మిగిలిన రబ్బరు తెచ్చి గేటు వెనకంతా అతికించాను. గేటు నోరు మూసుకుంది. కాలేజీలో మా గురువుగారికి చెబితే భుజం తట్టారు.

మర్నాటి నుంచి అవ్వ రాలేదు. నా వల్ల ఏం తప్పు జరిగిందో తెలియలేదు. నాకూ రోషం తక్కువేం కాదు. పిలవకుండా పోవడమేమిటని హోటల్లో తిని వచ్చి పడుకునేవాణ్ణి. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత అన్నట్టుంది నా బతుకు. కాలేజీలో మెచ్చుకోళ్ళు, గదిలో పలకరించే దిక్కు లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడ్చాను కూడా.

చివరికి ఒక సాయంత్రం ఉండబట్టలేక వెనక్కి వెళ్ళాను. పొయ్యి వెలగలేదు. అవ్వ గడపలో కూర్చుని ఉంది.

"ఎవలూ?"

"నేనే అవ్వా."

"ఎప్పుడచ్చినవ్ బిడ్డా? మీ ఊరికి పోయినవనుకున్న."

"రోజూ ఇక్కడే ఉన్నాను కదా!"

"గేటు సప్పుడు ఇనవడుతలేదు గదా. అది ఇంటెనే నేను పొయ్యి ముట్టిస్త. నా ఒక్కదానికి ఏం వండుకోవాలె? ఇన్నొద్దులు అటుకులు నానేసుకొని తిన్న."

ఆమె వంటింటి కత్తి తీసుకెళ్ళి గేటు మీది రబ్బరంతా పీకేశాను. తర్వాత గేటును బలమంతా పెట్టి వేశాను. అవ్వ పొయ్యి ముట్టించింది.