ఇస్త్రీ పెట్టెలోని రేకు

ఆ కారు వయసు తొంభై దాటింది. యజమాని దాన్ని ఆదివారం ఉదయం మాత్రమే బయటికి తీసేవారు. సింగపూర్ రోడ్ల మీద గుంతలు ఉండవంటారు. ఆ కారు ఎలాగోలా వెతుక్కునేది, దొరికాక చాలాసేపు ఊగేది.

దాని షాక్ అబ్జార్బర్లు నూనె డబ్బాలు. చక్రం ఎగిరినప్పుడు లోపలి నూనె సన్నటి కన్నంలోంచి నిదానంగా దూరాలి, ఆ కుదుపును మింగాలి. అవి చలి దేశంలో పుట్టినవి. ఇక్కడి వేడికి నూనె పలచబడి ఇట్టే జారిపోయేది. బాగుచేసే పని మా వర్క్‌షాప్‌కి వచ్చింది. ఇంజనీరుని నేనే కనుక ఆరు నెలలు లెక్కలు వేశాను. లెక్కలు కుదిరాయి. కారు మాత్రం ఊగుతూనే ఉంది.

మా ఫిట్టరు శ్రీకాకుళం మనిషి. నాకన్నా పదేళ్లు పెద్ద, వర్క్ పర్మిట్ మీద వచ్చాడు. ఒకరోజు భోజనాల దగ్గర అన్నాడు:

"బాబూ, ఇస్త్రీ పెట్టెలో రేకుంటాది, సూసినారా? వేడెక్కితే ఒంగుతాది. ఆ రేకే ఈ కన్నం మీద పెట్టకూడదేటి? నూనె పలచనైతే కన్నమే సిన్నదైపోద్ది."

ఊళ్లో కరెంటు ఇస్త్రీ పెట్టెలు బాగుచేసేవాడట. ఎం.టెక్. గౌరవం కాపాడడానికి నేను సాయంత్రం దాకా ఒప్పుకోలేదు. అతను కోసిన మూడో రేకుతో కారు నిలకడగా నడిచింది.

కంపెనీ పేటెంట్ తీసుకుందామంది. దరఖాస్తు రాసే ఆవిడ నన్ను అడిగింది: "ఈ ఆలోచన మొదట ఎవరిది?"

"మా ఫిట్టరుది. మిగతాది ఇద్దరిదీ."

"అయితే ఇద్దరి పేర్లూ ఉండాలి. ఆయన సంతకం తీసుకురండి."

కాగితం చూడగానే అతని ముఖం మారిపోయింది.

"నా పేరెందుకు బాబూ? పర్మిట్‌లో ఫిట్టరని ఉంది. ఇక్కడ ఇంకేటో రాస్తే, రేపు ఇంటికి పంపించేస్తే? అమ్మాయి నర్సింగు రెండో ఏడు."

"ఎవరూ పంపరన్నా."

"ఆ మాట ఆఫీసోళ్లు రాసిస్తారేటి?"

"అడుగుతాను," అన్నాను.

ఒక్క ఉత్తరం. ఆఫీసు మెట్లెక్కితే అయిపోయేది. నేను ఎక్కలేదు. అతనికే ఇష్టం లేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను, ఆ జవాబు నాకు బాగా నచ్చింది. ఆవిడతో మాత్రం, మళ్లీ ఆలోచిస్తే ఆలోచన నాదేనని తేలింది అన్నాను. ఆవిడ నా పేరు ఒక్కటే రాసుకుంది.

పేటెంట్ వచ్చాక ఆ కాగితాలు తీసుకెళ్లి అతనికి చూపించాను. ఎందుకు చూపించానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. చేతులు గుడ్డకి తుడుచుకుని, మొదటి పేజీలో నా పేరు నెమ్మదిగా కూడబలుక్కుని చదివాడు. "బావుంది బాబూ," అన్నాడు. పేజీలు తిప్పి, రేకు బొమ్మ దగ్గర ఆగి ఫోను తీశాడు.

"ఒక ఫొటో తీసుకుంటాను. పేరున్న కాగితం ఒద్దు, ఈ బొమ్మ సాలు. అమ్మాయికి పంపుతాను."

"ఏమని చెప్తారు?"

"నాన్న సేసిన రేకని."

నా పేరున్న పేజీని వెనక్కి మడిచి, ఫ్యాను గాలికి బొమ్మ కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాను.