తెలుపా, పసుపా అని అడిగిన అత్తయ్య

పోయిన నెల ఏలూరులో జింకు పలకలు కొంటుండగా మావారు ఫోన్ చేశారు. "అమ్మ వెళ్ళిపోయింది" అన్నారు. తూకం వేస్తున్న షాపాయన "ఏమైందండీ?" అని అడిగితే "మా అత్తయ్య పోయారండీ" అని, పలకలు అక్కడే వదిలి బయల్దేరాను.

తాడేపల్లిగూడెంలో మాకు చిన్న ప్లేటింగ్ షెడ్డు ఉంది. ఇనుప బోల్టులకు జింకు పూత వేస్తాం. మావయ్యగారు పోయాక దాన్ని అత్తయ్యే నడిపారు. కెమిస్ట్రీ చదివిన కోడలు వంటింట్లో ఉండిపోవడం ఆవిడకు నచ్చలేదు. పెళ్ళయిన కొత్తలోనే నన్ను షెడ్డుకు తీసుకెళ్ళారు. జింకు త్వరగా పాడవకుండా దానిమీద వేసే పసుపు క్రోమేటు తొట్టి చూపించి, రబ్బరు గ్లౌజులు చేతికిచ్చారు.

"ఈ పసుపు ఒంటికి రాసుకునేది కాదమ్మా, విషం. ఇవి లేకుండా దగ్గరికి రాకు."

ఆ తొట్టి కడిగిన నీళ్ళను విరుగుడు మందు కలపకుండా ఎవరినీ పారబోయనిచ్చేవారు కాదు.

ఒకరోజు కొల్లేటికోట నుంచి చెరువుల రైతు ఒకాయన వచ్చారు. చెరువు నీళ్ళను చక్రంతో చిలికి చేపలకు గాలి అందించే ఏరేటర్ల బోల్టులు తెచ్చారు.

"తెల్లగా మెరిసేలా వేయండి. పసుపైతే పాత సరుకులా ఉంటుందండీ."

అత్తయ్య నావైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. తెలుపా, పసుపా?"

ఒక బోల్టు చేతిలోకి తీసుకున్నాను. "పసుపేనండి. ఎప్పుడూ తడిసే చోట తెలుపు అన్నాళ్ళు ఆగదు. బోల్టు తుప్పుపట్టి విరిగితే చక్రం ఆగిపోతుంది."

ఆయన అత్తయ్యనే చూశారు. "మీరేమంటారండీ?"

"మా కోడలు చెప్పింది కదండీ. నా మాటా అదే."

ఆయన బస్తా ఎత్తించుకుని వెళ్ళిపోయారు. చాలా పెద్ద ఆర్డరు. నేను కళ్ళు తుడుచుకుంటుంటే అత్తయ్య కంచాలు పెట్టారు. "తెలుపు వేసి పంపుంటే ఇవాళ నాకు అన్నం సయించేది కాదమ్మా. రా, తిందాం."

ముసురు పట్టిన రోజుల్లో ఆయన మళ్ళీ వచ్చారు. వేరేచోట తెలుపు వేయించిన బోల్టు విరిగి చక్రం ఆగిందట. తెల్లారేసరికి చేపలు తేలాయట. అత్తయ్య ఒక్క ఎత్తిపొడుపు మాట కూడా అనలేదు.

"ముందు కాఫీ తాగండి. పూత సంగతి మా అమ్మాయితో మాట్లాడుకోండి" అని లోపలికి వెళ్ళారు.

నన్ను అమ్మాయి అనడం అదే మొదలు. ఆ తరవాత కోడలు అన్న మాట ఆవిడ నోట వినలేదు.

పెద్దకర్మ అయ్యాక కొల్లేటికోట వెళ్ళాను. ఆ రైతు ఏరేటరును గట్టుకు లాగించి చూపించారు. మేము పసుపు వేసిన బోల్టులు ఇంకా తేనెరంగులోనే ఉన్నాయి. "అమ్మగారు చూసుంటే బాగుండేదండీ" అన్నారు. దాన్ని మళ్ళీ చెరువులోకి తోసి స్విచ్చి వేశారు. నీళ్ళు తెల్లగా లేచాయి. పక్కనే ఉన్న కొంగ ఒక్క అడుగు వెనక్కి వేసి, ఆ తుంపరలోనే నిలబడింది.