గడపకు అడ్డంగా పెట్టిన కర్ర

పదిహేనేళ్లుగా ఒక మాట గొంతులో అడ్డుపడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

చిత్తూరు బజారువీధిలో నాది ఫ్యాన్సీ అంగడి. పక్క గదిలో గురవయ్యన్న పెళ్లి బాసికాలు చేత్తో కట్టేవాడు. బంగారుపాళ్యం, పూతలపట్టు నుంచి కూడా తాతల కాలం నుంచి వాడుకగా ఉన్న ఇళ్లవాళ్లు ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవారు. అప్పట్లో మా వీధిలో ఎవరు బయటికెళ్లినా తాళం వేసేవారు కాదు. గడపకు అడ్డంగా ఒక కర్ర పెట్టేవారు. కర్ర ఉంటే పక్క అంగడివాడు బేరం చూడాలి. అదీ మా మర్యాద.

ఒక మాఘమాసంలో ఆయన కంటి ఆపరేషన్‌కని తిరుపతి వెళ్తూ కర్ర పెట్టాడు. కట్టిన బాసికాలు లోపలున్నాయని, వచ్చినవాళ్లకు ఇచ్చి పంపమని చెప్పాడు. సరేనన్నాను. నా అంగట్లో చెన్నై నుంచి తెచ్చిన రెడీమేడ్ బాసికాలు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి.

మర్నాడే ఒక పెళ్లివారొచ్చి ఆయన యాడని అడిగారు. అంగడి ఎత్తేసినాడని చెప్పాను. నోరు జారిందా? ఒక్కసారైతే అలా అనుకోవచ్చు. కర్ర కనబడితే అబద్ధం నిలవదని దాన్ని తీసి దాచి, తలుపు మూసి, ఆయన లేని ఇరవై రోజులూ వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే చెప్పినవాడిని ఏమనాలి?

ఆయన చూపు తెచ్చుకుని వచ్చేసరికి కర్ర మళ్లీ గడపకు అడ్డంగా పెట్టి, ఎవరూ రాలేదని చెప్పాను. ఆ తర్వాత కూడా జనం రాలేదు. అంగడి లేదన్న మాట ఒక పెళ్లి నుంచి ఇంకో పెళ్లికి పాకిపోయింది. మరుసటి మాఘం కూడా ఖాళీగా పోయాక గది వదిలేశాడు.

"కాలం మారిపాయ అబ్బా. చేతిపని ఇంకెవురికి కావాల?" అన్నాడు.

"అవునన్నా, కాలం" అన్నాను.

"ఈ కర్ర నువ్వే పెట్టుకో. నాకింకెందుకు?"

చేయి చాచి తీసుకున్నాను. సిగ్గులేనివాణ్ణి.

ఆ గది నా అంగట్లో కలిసిపోయింది. ఆయన కాలాన్ని తిట్టుకుంటూనే పోయాడని తర్వాత విన్నాను. ఇప్పుడు ఎదురుగా నాలుగంతస్తుల అద్దాల షాపు, జనం చేతుల్లో ఫోన్లు, నేను ఈగలు తోలుకుంటున్నాను. చేసుకున్నవాడికి చేసుకున్నంత అనుకుంటే కాస్త హాయిగా ఉంటుంది. ఆ హాయికి కూడా నేను తగను.

మొన్న బంగారుపాళ్యం నుంచి ఒక ముసలమ్మ మనవరాలి పెళ్లికని వచ్చింది.

"బాసికాలాయన ఈడే ఉండె గదప్పా, యాడికి పోయినాడు?"

"అంగడి ఎత్తేసినాడమ్మా" అన్నాను.

అదే మాట. ఈసారి అబద్ధం కాదు. దాన్ని నిజం చేసింది కాలం కాదు, నేను.