రాజంపేటకు కోకో డబ్బా

టైఫాయిడ్ తగ్గినా అక్క పాలు ముట్టడం లేదని, రోజురోజుకీ చిక్కిపోతోందని రాజంపేట నుంచి వచ్చిన బావ చెప్పి వెళ్లాడు. నేను కర్నూలులో పంతులమ్మను. సెలవు పెట్టి, పాలలో కలిపి ఇద్దామని బజారులో ఒక కోకో డబ్బా కొని, పొద్దున ఆరు గంటల కడప బస్సెక్కాను.

నంద్యాల దాటేసరికి ఎండ చురుక్కుమంది. ఆళ్లగడ్డలో బస్సు ఆపితే ఇడ్లీలు తిన్నాను. పక్కన కూర్చున్న కడప సాయిబులావిడ డబ్బా సంగతి అడిగింది. చెప్పాను.

"పాల వాసన గిట్టనోళ్లకు దాల్చిన చెక్క ఏసి కాంచు బిడ్డా," అంది.

కడపలో దిగాక చెక్క కొని, సాయంత్రం పాసింజరు రైలు పట్టుకున్నాను. రాజంపేటలో దిగేసరికి దీపాలు పెట్టారు.

అక్క మంచం మీద ఉంది. గాజులు చేతికి నిలవక దారంతో కట్టుకుంది. "వచ్చినావా మే," అని గోడవైపు తిరిగి పడుకుంది.

మరునాడు పొద్దున అక్క అత్తగారు కోకో పొడి వాసన చూసి ముఖం చిట్లించారు. "జబ్బు మనిషికి ఈ మన్ను పోస్తావా?"

"ముందు నేను తాగుతా అత్తమ్మా."

పొడిని మరిగే పాలలో గుమ్మరించాను. ఉండలు కట్టింది. అత్తగారికి నవ్వొచ్చింది. ఇద్దరం మళ్లీ మొదలుపెట్టాం. పొడీ చక్కెరా కాసిని వేడిపాలతో మెదిపి, బాదం ముద్ద కలిపి, చెక్క, ఏలకులు, శొంఠి, రెండు మిరియాలు దంచి వేసి, చిక్కబడేదాకా సన్నసెగ మీద తిప్పుతూ నిలబడ్డాం.

"ఏం కాంచుతాండారు?" గదిలోంచి అక్క గొంతు.

అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. "అది నోరు తెరిచి అడిగి శానా దినాలాయ," అన్నారు మెల్లగా. గ్లాసు తనే తీసుకెళ్లారు.

అక్క ఒక గుక్క తాగి ఆగింది. "కారంగా ఉండాది," అంది. నా ప్రాణం ఉసూరుమంది. అంతలో గ్లాసంతా ఖాళీ చేసి మా వైపు చాపింది. "ఇంక రోంత పొయ్యండి."

నాలుగు రోజులున్నాను. పూటపూటా అదే కాచాం. చివరి రెండు రోజులూ అత్తగారు నన్ను పొయ్యి దగ్గరికే రానివ్వలేదు.

బయల్దేరే పొద్దున అక్క గోడ పట్టుకుంటూ వాకిట్లోకి నడిచొచ్చింది. నా కొంగు సర్ది, "మళ్లా ఎప్పుడొస్తావు?" అంది.

రైల్లో ఎదుటి సీటు పెద్దాయన పలకరించాడు. "రాజంపేటలో ఏమేం చూసినావమ్మా?"

"మా అక్క వాకిట్లోకి నడిచి రావడం చూసినానప్పా," అన్నాను.

ఆయన లేచి కిటికీ పక్క చోటు నాకిచ్చాడు.